బుంగోమాలో ఇంకో సూర్యావతి

శుక్రవారం పొద్దున్న కువైట్‌లోని సాల్మియా ఫ్లాట్‌లో సూర్యావతి దిబ్బరొట్టె మూకుడు మీద మూత పెట్టి, మంట తగ్గించి, చీర కొంగు బొడ్లో దోపుకుని కొడుకు సంచీ విప్పింది. వారమంతా జాబ్రియాలో మామా అని పిలిచే అరబ్బు యజమానురాలి వంటింట్లో చాకిరీ చేసే మనిషికి ఉన్నది ఈ ఒక్క సెలవు. ఆ సెలవులోనూ ఆవిడ అనుమానాలకి మాత్రం సెలవుండదు.

కొడుకు సూర్యకిరణ్ షువైఖ్‌లో కార్ల మెకానిక్కు. నిన్న సాయంత్రమే కెన్యా నుంచి దిగాడు. నెలరోజుల సెలవు దొరికితే ఎవరైనా ఊరెళ్లి పెళ్లిచూపులు చూసుకుంటారు. వీడు తనతో గ్యారేజీలో పనిచేసే వఫూలా వాళ్లింటికి వెళ్లాడు! బుంగోమా దగ్గర పల్లెటూరట. వఫూలా తల్లి నెకేసా అనాథపిల్లల్ని చేరదీసి సాకుతుందట. "చూసొస్తానమ్మా" అన్నాడు. చూడ్డానికి నెలరోజులు కావాలా?

సంచీలో మొక్కజొన్న పిండి పొట్లం, ఎర్రమట్టి కొట్టుకుపోయిన బూట్లు తప్ప ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడంతో ఆవిడ అనుమానం ఇంకాస్త పెరిగింది.

అంతలో మంచం మీద వాడి ఫోన్ మోగింది. వాడు స్నానాల గదిలో ఉన్నాడు. సూర్యావతి ఆగలేదు, ఎత్తేసింది. తెర మీద పాతికేళ్ల నల్లటి పిల్ల, చక్కగా నవ్వుతోంది. "మామా కిరణ్?" అని, అంటే కిరణ్ వాళ్లమ్మేనా అని అడిగి చెయ్యి ఊపి, వెనక్కి తిరిగి గట్టిగా పిలిచింది.

"సూర్యావతీ! సూర్యావతీ!"

మూడేళ్ల పాప ఒకతి పరుగెత్తుకొచ్చి ఆ పిల్ల ఒళ్లోకెక్కింది. ఒంటి మీద పసుపుపచ్చ గౌను. వెళ్లేముందు సూర్యకిరణ్ "వాళ్లింట్లో పిల్లలకి" అని కొన్న గౌనే అది. సూర్యావతి ఫోన్ కట్ చేసి మంచం మీద పడేసింది.

"ఏవండీ! ఇటు రండి!"

బాల్కనీలో కూర్చుని టీ తాగుతున్న వెంకటసత్యనారాయణ గ్లాసుతోనే వచ్చాడు. షర్క్‌లో ఆఫీసు కారు నడిపే ఆయనకి రోడ్డు మీదే తప్ప ఇంట్లో కంగారు తెలియదు.

"కొంప ములిగిందండీ. ఆడికి అక్కడో పెళ్లాం, మూడేళ్ల పిల్లా ఉన్నారు."

"ఎవరు చెప్పారే?"

"ఎవరో చెప్పాలేంటి? ఆ పిల్లని నా పేరెట్టి పిలుత్తన్నారు! నానమ్మ పేరు మనవరాలికి కాక ఊళ్లోవాళ్లకి పెడతారేంటండీ?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "పాపకి మూడేళ్లంటన్నావు. ఆడు ఆ దేశం మొహం చూసింది పోయిన నెలే కదే."

"ఆ అమ్మాయి ఇక్కడ పనిచేసెల్లిందేమో! మనకేం తెలుసు? ఆడు మనకన్నీ చెప్పి చేత్తన్నాడా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సూర్యకిరణ్ సూర్యావతి కన్న కొడుకు కాదు. చెల్లెలు లక్ష్మీదుర్గ బిడ్డ. పసివాణ్ణి అక్క దగ్గర వదిలి భార్యాభర్తలిద్దరూ బండి మీద రావులపాలెం వెళ్లి, తిరిగి రాలేదు. లారీ కింద పడ్డారు. ఆరోజు నుంచి వాడు సూర్యావతి కొడుకే. చుట్టాలందరి నోళ్లూ మూయించింది, వాడి చెవిన పడితే చచ్చినంత ఒట్టని. వాడు ఫోన్ ఎత్తడం ఆలస్యమైనా, పండక్కి ముభావంగా ఉన్నా ఆవిడకి ఒకటే భయం. తెలిసిపోయిందేమో, పరాయివాడైపోతాడేమో అని. ఇప్పుడు ఏకంగా ఖండం దాటి కాపురమే పెట్టేశాడనుకుంటే ఆవిడ గుండె ఆగిపోయినంత పనైంది.

సూర్యకిరణ్ తల తుడుచుకుంటూ వచ్చాడు. "రొట్టె అయిందా అమ్మా? అడుగు బాగా కాల్చు."

"ఆ పిల్ల ఎవర్రా?"

"ఏ పిల్ల?"

"నాటకాలాడకు. నీ ఫోన్లో నవ్వుతా మాట్టాడిన పిల్ల."

వాడు ఫోన్ చూసుకున్నాడు. "ఓ, ఆవిడా. వఫూలా చెల్లెలమ్మా. అక్కడే పిల్లల్ని చూసుకుంటది."

"మరి ఒళ్లో పాప? దానికి నా పేరెందుకు పెట్టారు?"

సూర్యకిరణ్ మొహంలో రంగు మారింది. తువ్వాలు భుజాన వేసుకుని కిటికీ వైపు చూశాడు. తప్పు చేసినవాడే అలా చూస్తాడని సూర్యావతికి రూఢి అయిపోయింది.

"నిదానంగా చెప్తానమ్మా, కూర్చో."

"కూర్చోను! ఏం తక్కువ చేశాన్రా నీకు? ఇంత పెంచితే ఇంత పని చేత్తావా? అంతేలే, కడుపున పుట్టినోడివైతే కదా..."

మాట నోరు దాటిపోయింది. వెంకటసత్యనారాయణ గ్లాసు కింద పెట్టేశాడు. సూర్యావతి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇన్నేళ్లు పంటి బిగువున దాచినదాన్ని తన నోటితోనే పారబోసుకుంది.

సూర్యకిరణ్ దగ్గరికొచ్చి ఆవిడ చేతులు దించాడు.

"తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"ఏటా మాఘమాసంలో పిన్నికీ బాబాయికీ నాచేత తద్దినం పెట్టిస్తావు. ఇక్కడికొచ్చాక కూడా బాల్కనీలో పళ్లెం పెట్టి నువ్వులూ నీళ్లూ వదిలిస్తావు. వాళ్లకి పిల్లల్లేర్రా, పాపం అంటావు. పదో తరగతిలో ఉండగా మన ఊళ్లో సుబ్బుగాడి తాత అడిగాడు, తండ్రి బతికున్నోడివి నీకెందుకురా ఆ నీళ్ల గొడవ అని. నాకప్పుడే అర్థమైపోయింది."

సూర్యావతి మంచం అంచున కూర్చుంది. చెల్లెలికి కొడుకు చేతి నీళ్లు దక్కకుండా చేయడానికి మనసొప్పక చేసిన పని అది. దాచిందీ తనే, ఏటేటా బయటపెట్టిందీ తనే.

"ఇన్నేళ్లూ ఎందుకడగలేదురా?"

"నువ్వేడుస్తావని."

ఆవిడ అప్పటికే ఏడుస్తోంది.

"వఫూలా వాళ్ల ఇంటి సంగతి చెప్పినప్పుడు వెళ్లాలనిపించింది" అన్నాడు వాడు. "ఆ పిల్లలు నాలాంటోళ్లే కదా. మట్టిగోడల ఇల్లు, మీద రేకులు. పిల్లలందరితో పాటు నేనూ చాప మీదే పడుకున్నాను. నెకేసా ఏదీ దాచదమ్మా. అన్నం పెడతా ఒక్కొక్కళ్లకీ చెప్తది. మీ అమ్మ ఇలా నవ్వేది, మీ అమ్మ మొక్కజొన్న ఇలా వొలిచేది అని. పిల్లలేమో నాకు చెప్పు, నాకు చెప్పు అని మీద పడిపోతారు. నాకూ అడగాలనిపించేది."

"మరి ఈ పాప?"

"నేనుండగానే ఎవరో తెచ్చి వదిలారు. దానికింకా మాటలు సరిగ్గా రాలేదు, పేరు తెలీదు, తల్లెవరో తెలీదు. అలాంటి పిల్లొస్తే ఆరోజు ఇంట్లో ఉన్న చుట్టం తన తల్లి పేరు పెట్టాలంట. అది ఆ ఇంటి పద్ధతి. నెకేసా నన్నడిగింది, మీ అమ్మ పేరేంటి నాయనా అని."

వాడు భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"రెండు పేర్లు తెలుసు కదమ్మా నాకు. కానీ నోట్లోంచి నీ పేరే వచ్చింది."

సూర్యావతి వాణ్ణి కావలించుకుని భోరుమంది. వాడిని అనుమానించిన నోటినీ, ఫోన్ ఎత్తిన చేతినీ తిట్టుకుంది. కాస్త తెరిపిన పడ్డాక కొంగుతో ముక్కు తుడుచుకుని, "పిచ్చి నాగన్నా, దుర్గ పేరు చెప్పకపోయావా? దాని పేరు నిలబడేదిగా" అంది.

"అది నీ మనవరాలికి దాచానులే. నానమ్మ పేరు మనవరాలికే పెట్టాలంట కదా."

"మరి నా పేరో?"

"నీకు తొందరెక్కువని ముందే పెట్టేశాగా!"

ఏడుస్తున్న మనిషి ఫక్కున నవ్వింది. అప్పుడే వెంకటసత్యనారాయణ ముక్కుపుటాలెగరేసి, "ఓసే, రొట్టె!" అని అరిచాడు.

ముగ్గురూ వంటింట్లోకి పరుగెత్తారు. మూత తీస్తే గుప్పున పొగ. అడుగంతా బొగ్గు రంగుకి తిరిగింది. సూర్యావతి రొట్టెని పళ్లెంలోకి బోర్లించి, పారేయబోయి ఆగింది. మాడిన అంచుని చేత్తో విరిచి కొడుకు పళ్లెంలో పెట్టింది. వాడి పక్కనే నేల మీద చతికిలపడింది.

"మీ అమ్మ..." అంది. ఆ రెండు మాటలూ వాడితో అనడం ఆవిడకి అదే మొదటిసారి. మళ్లీ మొదలుపెట్టింది. "మీ అమ్మకి కూడా మాడిన అడుగంటేనే ప్రాణంరా. దానికోసం నాతో కొట్టుకునేది."