భాలో బాషా

నేను మొదటిసారి బెంగాలీలో నోరు తెరిచిన రోజున షాలిమార్‌లో వాన పడుతోంది. గేటుకు టు-లెట్ బోర్డు, వరండాలో ఇంటావిడ, ఆవిడ పక్కన తడిసిన గొడుగుతో ఒకమ్మాయి. భాలో అంటే మంచి, బాషా అంటే ఇల్లు అని ఆఫీసులో అభిజిత్ నేర్పాడు. రెండూ గబగబా కలిపేసి, నాకు భాలోబాషా కావాలని ఆ పెద్దావిడనే అడిగేశాను.

ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చచ్చాన్రా దేవుడా అని గొణుక్కున్నాను. ఆ అమ్మాయి వెంటనే తెలుగులో అందుకుంది.

"విడదీసి అంటే మంచి ఇల్లండీ. కలిపేసి అంటే ప్రేమ. మీకేటి కావాల?"

ఇల్లేనన్నాను. అప్పటికది నిజమే.

పెళ్లికానివాళ్లకు ఇవ్వనంది ఇంటావిడ. ఆ అమ్మాయి మౌక్తిక, తనూ ఇల్లు చూడ్డానికే వచ్చింది. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టింది. వాళ్ల నాన్న సాంబశివరావుగారు రిటైరయ్యారు, నెలాఖరుకు క్వార్టర్స్ ఖాళీ చేయాలి. ఆ పెన్షన్‌కి ఈ అద్దె అందదు. నాకేమో అద్దెకు జీతముంది, పెళ్లాం లేదు.

ఆదివారాలు ఇద్దరం లోకల్ ట్రైనెక్కి ఇళ్లు వెతికాం. ప్రతి ఇంట్లోనూ తను ముందు కిటికీ తెరిచేది. ఇక్కడ అమ్మ కుట్టుమిషను, అక్కడ నాన్న కుర్చీ అంటూ గాల్లోనే సామాను సర్దేది. అద్దె వినగానే కిటికీ మెల్లగా మూసేది. ఆ ఇళ్లన్నిట్లో నేను సిగ్గులేకుండా మనసులో కాపురం పెట్టేశాను.

నెలాఖరుకు మూడు రోజులున్నాయనగా తను నవ్వడం మానేసింది.

"ముప్పయ్యేళ్ల సామాను ఏ ప్లాట్‌ఫారం మీద పెట్టుకోవాలండీ?"

వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని మళ్లీ షాలిమార్ వెళ్లాం. కింద వాళ్లు, డాబా మీది గదిలో నేను, అద్దె చెరిసగం అని చెప్పాం. ఇంటావిడ నన్ను చూపించి, ఇతను మీకేమవుతాడని అడిగింది. సాంబశివరావుగారు నన్ను ఎగాదిగా చూశారు. కూతుర్నీ చూశారు.

"ఆమాదేర్ ఛేలే" అన్నారు. మా అబ్బాయే అని.

తాళంచెవి ఇవ్వడానికి మౌక్తిక డాబా మీదికొచ్చింది. మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

"బాషా దొరికింది కదా. ఇంకేటి కావాల?"

"మొదటిరోజు అడిగిందే."

"విడదీసా, కలిపా?"

"కలిపే."

తను తాళంచెవి నా చేతిలో పెట్టింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"అది సరిగ్గా అడగడానికి నెల పట్టిందేటండీ?"