తిరిగిరానివాళ్ళ రేటు

శంషాబాద్ విమానాశ్రయంలో విదేశీ డబ్బు మార్చే సేతు మారక సంస్థ కౌంటరు ముందు ఆ ఉదయం కూడా ప్రయాణికులు వరుసకట్టారు. అద్దపు పలక మీద అరచెయ్యి పెట్టిన ఒక్కొక్కరికీ ఒక్కో రేటు పలుకుతోంది. కొనేది ఒకే దేశపు డబ్బే అయినా ఏ ఇద్దరి రేటూ ఒకటి కాదు.

ఆ పలక పేరు రాకసూచి. నాడిని, ఊపిరిని, కంటిపాప కదలికను చదివి, మనిషి ఈమధ్య ఏం కొన్నాడో ఏం అమ్ముకున్నాడో కలుపుకొని, వెళ్ళినవాడు మళ్ళీ వస్తాడా రాడా అని అంచనా కడుతుంది. తిరిగొచ్చి, మిగిలిన డబ్బు మార్చుకునేవాళ్ళ వల్లనే సంస్థకు లాభం. అందుకే రానివాళ్ళకు రేటు పడిపోతుంది. కారణం చెప్పకూడదని ఉద్యోగులకు కట్టడి. లోకం మాత్రం తనకు తోచిన అర్థం చెప్పుకుంది: రేటు పడిందంటే మనిషి తిరిగిరాడు, అంటే చావు దగ్గరపడినట్టే. ఆ అంకె చూసి కౌంటరు దగ్గరే కుప్పకూలిన వాళ్ళను, ఆ కౌంటరులో కూర్చునే యశోధర తన ఉద్యోగంలో చాలామందినే చూసింది.

కరుణాకర్ వచ్చి మలేషియా రింగిట్లు కావాలన్నాడు. అతనికి మంచి రేటే వచ్చింది. తరువాత అతని భార్య మృదుల, మెడ దాకా గుండీలు పెట్టుకున్న చొక్కాతో ముందుకొచ్చింది. ఆమె చెయ్యి పెట్టగానే అంకె సగానికి పడిపోయింది.

"మళ్ళ పెట్టు," అన్నాడు కరుణాకర్.

మళ్ళీ పెట్టింది. అదే అంకె. వరుసలో వెనకున్నవాళ్ళు ఆ అంకె చూసి ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఏమైంది నీకు? నాకెందుకు చెప్పలే?" అతను ఆమె వైపు తిరిగాడు.

మృదుల పలక మీంచి చెయ్యి తీసింది. "మొన్నటి సంది గుండెల్ల నొప్పి. అక్కడ మంచి డాక్టర్లున్నరట. పోయినంక చూపించుకుంట," అంది.

ఆమె ముఖం పాలిపోయి ఉంది. యశోధర తన వైపు తెర చూసింది. అందులో ఆ మనిషి నాడి, ఊపిరి, గుండె అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఒక్క మాట చెబితే ఈ ఆలుమగల ప్రాణం కుదుటపడుతుంది కదా అనుకుంది.

"భయపడకమ్మా," అంది గొంతు తగ్గించి. "చెప్పొద్దు గానీ చెప్తున్న. నీ గుండె మంచిగుంది. ఏ రోగం లేదు."

మృదుల కళ్ళు మూసుకుంది.

"రోగం లేదు," అన్నాడు కరుణాకర్ మెల్లగా. మరి ఎందుకు తిరిగిరాదో అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమె సంచిలోంచి పాస్‌పోర్టు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇంటికి పోదాం నడువు," అని కాలరు పట్టి తిప్పాడు. పై గుండీ ఊడిపోయింది. మెడ మీద పాతవి, కొత్తవి, వేళ్ళ అచ్చులు.

యశోధర కౌంటరు వదిలి పరుగెత్తింది. తలుపు దగ్గరున్న గార్డును కేకేసి, వాళ్ళకు అడ్డంపడి నిలబడింది. "పోలీసులను పిలువు," అంది అతనితో.

గార్డు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏందమ్మా, ఈయన జబర్దస్తీ చేస్తున్నడా?" అని మృదులను అడిగాడు.

"లేదన్నా. మా ఇంటికే పోతున్నం," అంది మృదుల.

గార్డు పక్కకు తప్పుకున్నాడు. మృదుల మాట నిబ్బరంగానే ఉంది. చెయ్యి మాత్రం యశోధర చున్నీ అంచును పట్టుకొని వదల్లేదు. కరుణాకర్ ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాడు.