పసుపు బల్లి పడిన చోటు

బల్లి శాస్త్రం నాకు ఎవరూ నేర్పలేదు. నేనే నేర్చుకున్నాను. అందుకే దాంట్లో నాకు తెలియనిదంటూ లేదు. అసలు నేను ఉప్పునుంతలలో దర్జీని. యుద్ధం వచ్చి గుడ్డ దొరకడం మానేశాక, మిషను ముందు ఊరికే కూర్చున్న మనిషిని ఆడవాళ్లు ఏదో ఒకటి అడగాలి కదా. బల్లి భుజం మీద పడితే ఏమిటి, మోకాలి మీద పడితే ఏమిటి అని అడిగేవారు. మజ్జిగ తెచ్చినవాళ్లకు లాభమని, ఉత్త చేతులతో వచ్చినవాళ్లకు కలహమని చెప్పేవాణ్ణి.

ఒక పొద్దున, గుట్టల కింది ఊరి దొర దగ్గర పనిచేసే భీమన్న వచ్చాడు. పేరుకే భీముడు, చేతులు మాత్రం పిల్లాడివంత. "గడిల పిలుస్తుండ్రు, నడువు."

ఆ కోటలాంటి ఇంట్లో దొర మంచం దిగలేదు. ముందురోజు వేటకు పోయి గుట్ట మీద ఒక గుహలో నీడకు ఆగాడట. పైనుంచి పసుపు బల్లి నడినెత్తిన పడిందట. నెత్తిన పడితే చావు. అది ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు కాబట్టి నాకు అబద్ధమాడే వీలు లేకపోయింది.

"ఏమంటదిరా నీ శాస్త్రం?"

"నీ బాంచన్ దొరా, అది ఇంటి బల్లి శాస్త్రం. గుట్ట బల్లికి వేరే ఉన్నది. అదే జాగల, ఇయ్యాల పొద్దుగూకేలోపల ఇంకొకని నెత్తిన బల్లి పడితే, ఆ చావు వానికి పోతది."

అప్పుడే పుట్టిన శాస్త్రం అది. అంత దూరం ఎవడు పోతాడు, చేతిలో ఒక కోడిని పెట్టి నన్ను పంపేస్తారు అనుకున్నాను.

దొర నావైపు మెచ్చుకోలుగా చూశాడు. "తెల్సినోనివి, నువ్వే కూసో. తప్పు వోకుంట ఉంటది."

నా శాస్త్రమే నన్ను గుట్ట ఎక్కించింది.

గుహలో గబ్బిలాల కంపు. దాని కింద పాత తేనెమైనం వాసన. భీమన్న నన్ను లోపల బండ మీద కూర్చోబెట్టి, బరిసె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"తలగుడ్డ తియ్యి" అన్నాడు.

తీశాను. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక కప్పు కనిపించింది. పైకి ఒక చీలిక, దాని చుట్టూ బల్లులు. మగవి పసుపు కొమ్ముల్లా మెరుస్తున్నాయి, ఆడవి మట్టిరంగు. రాతికి అంటించినట్టు తెల్లటి గుడ్లు, వాటి పక్కనే పాత పెంకులు. ఏటేటా అక్కడికే వచ్చి పెడతాయట. వాటికి రెప్పలు లేవు. నాలుకతో కళ్లు తుడుచుకుంటూ నన్నే చూస్తున్నాయి. పొద్దు వాలేకొద్దీ అరవడం మొదలుపెట్టాయి... ముసలివాడెవడో నవ్వు మింగుతున్నట్టు.

రెండు కొట్టుకున్నాయి. ఒకదాని తోక తెగి నా ఒళ్లో పడి గిలగిలా కొట్టుకుంది.

"భీమన్నా, తోక నడుస్తదా?"

"నడువదు. బల్లే పడాలె."

నా శాస్త్రాన్ని నాకంటే గట్టిగా నమ్మినవాడు అతనే. ఆ మాటకొస్తే, చెమట పట్టేసరికి నేనూ నమ్మాను. ఇక్కడినుంచి బతికి పోయినా చావు నాతోనే వస్తుంది.

కానీ ఒక్కటీ పడలేదు. తలకిందులుగా నడుస్తున్నాయి, పరుగెత్తుతున్నాయి. ఒక్క కాలైనా జారలేదు.

"భీమన్నా... ఇవి పడవు."

"ఎర్కనే."

"మరి దొర మీద ఎట్ల పడ్డది?"

అతను కప్పులోని చీలిక వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

"పోయినేడు తేనెకు మా బావ నాగన్నను పైనుంచి ఆ సందులకు దించినం. తేనె తాడు బామ్మర్దే పట్టాలె. అక్క ముండమోస్తదని ఇడువడు గద. నేనే పట్టిన. ఇడిస్తే ఎట్లుంటదో సూద్దామన్నడు దొర. నవ్వుకుంటనే అన్నడు."

"ఇడిసినవా?"

"ఇడిసిన. నువ్వు కూసున్న బండ మీదనే పడాలె." బరిసెతో బండను చూపించాడు. "సప్పుడు రాలె. దిగొచ్చి సూస్తే ఎవ్వలు లేరు."

బల్లులు అరవడం ఆపేశాయి.

అన్నీ ఒక్కసారి చీలిక దగ్గర్నుంచి పక్కకు జరిగాయి... ఎవరికో దారి ఇచ్చినట్టు. పైన చీకట్లో తడిగా ఏదో చప్పరించిన శబ్దం. మళ్లీ... ఇంకా దగ్గర.

నేను పైకి చూడలేదు.

నా నెత్తి మీద బల్లి... పడలేదు. ఎవరో మెల్లగా పెట్టారు. పెట్టిన వేళ్లు నా జుట్టును ఒకసారి నిమిరి వెళ్లాయి.

"బామ్మర్దీ..." పైనుంచి, గాలి తక్కువైన గొంతు. "పట్టుకున్నవా?"

"పట్టుకున్న బావా" అన్నాడు భీమన్న. బరిసె కింద పెట్టి, రెండు చేతులూ పైకి చాచి లోపలికి నడిచాడు.

నేను ఎలా బయటపడ్డానో నాకు తెలియదు. నా కాళ్లకు తెలుసు. భీమన్న నా వెనక రాలేదు.

గడి చేరేసరికి చీకటి పడింది. దొర మంచం మీదే ఉన్నాడు.

"పడ్డదా?"

"పడ్డది దొరా."

"భీమన్న ఏడి?"

"వస్తుండు."

"నా దోషం పోయినట్టేనా?"

నేను అతని తలపైన గోడను చూశాను. తర్వాత అతన్ని చూశాను.

"పోయింది దొరా. నిమ్మళంగ పండుకోండ్రి" అని, ఇచ్చిన కోడిని చంకలో పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాను.

మంచానికి పైన, నిచ్చెన అందనంత ఎత్తున, సున్నం గోడ మీద పసుపు రంగు చేతి ముద్రలు రెండున్నాయి, వేళ్లు కిందికి. ఒకటి పెద్దది, ఆరిపోయింది. పక్కది చిన్నది, ఇంకా తడిగా ఉంది. రెండూ కుడిచేతులే.