హ్యాండ్‌బ్రేకు లేని స్టూడిబేకర్

1964 ఫిబ్రవరి పదకొండు, ఉదయం పది గంటలు. మద్రాసు మౌంట్ రోడ్డులో 'టైప్‌రైటర్లు రిపేరు చేయబడును' అని బోర్డు తగిలించుకున్న ఒక మేడ ఉంది. లోపల టైప్‌రైటర్ ఒక్కటీ లేదు. బోర్డు చూసి నిజంగానే రిపేరుకు వచ్చినవాళ్ళను గుమాస్తా "వచ్చే వారం రండి" అని పంపించేస్తూ ఆరేళ్ళు నెట్టుకొచ్చాడు. మన దేశంలో ఆ మాట ఎవరికీ అనుమానం కలిగించదు.

రెండో అంతస్తులో చీఫ్ బల్ల మీదుగా ఒక ఫోటో జరిపాడు.

"ఈ కారు తెలుసా?"

ఏజెంట్ పద్నాలుగు, అసలు పేరు మాల్యాద్రి, ఫోటోను చేతిలోకి కూడా తీసుకోలేదు. ముందు భాగంలో విమానం ముక్కులా పొడుచుకొచ్చిన గుండ్రటి మొన. స్టూడిబేకర్ ఛాంపియన్, 1950 మోడల్. బంపర్ కుడి పక్కన చిన్న సొట్ట. గూడూరు రైల్వే గేటుకు గుద్ది ఆ సొట్ట పెట్టింది తనే, పదిహేడేళ్ళ వయసులో.

"తెలుసు సార్. దాని కిందే పని నేర్చుకున్నాను."

అందుకే పిలిచానన్నాడు చీఫ్. తర్వాత బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది. కృష్ణపట్నం నుంచి పులికాట్ దాకా సముద్రం లోతులు కొలిచిన నేవీ చార్టులకు ఎవరో ఫిల్మ్ తీశారు. తీసిన డ్రాఫ్ట్స్‌మన్ శవం ఎన్నూరు దగ్గర రైలు పట్టాల మీద దొరికింది. ఫిల్మ్ మాత్రం డాక్టర్ లిండ్ అనే విదేశీయుడికి చేరింది. పక్షుల మీద పరిశోధన అని చెప్పి అతను దొరవారిసత్రంలో క్యాంపు వేశాడు. పాస్‌పోర్టు ఒక దేశానిది, పని చేసేది మరో దేశానికి. పద్నాలుగో తారీకు సాయంత్రం నాలుగింటికి కృష్ణపట్నం రేవులో ఒక లాంచి వస్తుంది. ఫిల్మ్ అందులో ఎక్కకూడదు. సరిహద్దు యుద్ధం ముగిసి ఏడాది దాటిందో లేదో, మన తీరంలో ఏ పడవ ఎక్కడికి రాగలదో శత్రువు చేతికి పోతే ఇక చెప్పేదేముంది?

లిండ్ బాడుగకు పెట్టుకున్న కారు ఈ స్టూడిబేకరే. తోలేది దాని యజమాని, మాల్యాద్రికి పని నేర్పిన మేస్త్రీ హజరత్తయ్య.

"ముసలాయన అమాయకుడా, వాళ్ళ మనిషా తేల్చు. వాళ్ళ మనిషైతే రిపోర్టులో పేరు రాయాలి."

రాస్తానన్నాడు మాల్యాద్రి. ఆ మాట అంత సులువుగా అన్నందుకు తర్వాత చాలా కాలం తనను తాను తిట్టుకున్నాడు.

కోడంబాక్కం స్టూడియో మేకప్ మనిషి ఒకాయన మీసం అతికించి, జుట్టు నెరిపించి, అతన్ని ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టరుగా మార్చాడు. లైటరులో కెమెరా. నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరులో అడుగు గిన్నెలో వైర్‌లెస్, పై మూడింట్లో పులిహోర. కన్నతల్లి చూసినా పోల్చుకోలేదని మేకప్ మనిషి పందెం కాశాడు.

తల్లి సంగతేమో గానీ, మర్నాడు చిల్లకూరు ట్రంకు రోడ్డు మీద తాటాకు షెడ్డు దగ్గర ఆ వేషం అర నిమిషం కూడా నిలవలేదు. బొగ్గు మసి అంటిన పంచె, మోకాళ్ళ మీద కాయలు, అరవై దాటిన హజరత్తయ్య స్పానరు కింద పెట్టి పైకీ కిందకీ చూశాడు.

"ఒరే మాల్యాద్రీ, ఆ మీసమెందుకురా?"

కారు దగ్గరికొచ్చినోడు ఎవడైనా ముందు అద్దంలో మొహం చూసుకుంటాడట. వంగి, కింద నూనె చుక్క పడిందా అని చూసేది తన శిష్యుడొక్కడేనట. మాల్యాద్రి మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. గవర్నమెంటు ఉద్యోగం, మీసం కూడా డ్యూటీలో భాగమేనని ఏదో చెప్పాడు. మేస్త్రీ ఆరా తీయలేదు. టీ తెప్పించాడు.

ఆయన ఆరా తీసేది ఒక్క కంపెనీ గురించే. గోడకు ఆ ఫ్యాక్టరీ బొమ్మ, పాత క్యాలెండరులో కత్తిరించింది, ఇంకా ఉంది. మాల్యాద్రి కుర్రతనంలో వెయ్యి సార్లు విన్న కథే మళ్ళీ మొదలైంది. అన్నదమ్ములంట, కమ్మరోళ్ళంట. వందేళ్ళ కిందట కొలిమి పెట్టి బండ్లు చేసినారంట. అమెరికాలో ఊళ్ళకు ఊళ్ళు ఆ బండ్ల మీదే పడమటికి తరలిపోయినాయంట. ఆ తర్వాత కరెంటు కారు, ఆ తర్వాత పెట్రోలు కారు. ముప్ఫై మూడులో దివాలా తీసి, రెండేళ్ళలో మళ్ళీ లేచి నిలబడింది. యుద్ధమయ్యాక ఈ ముక్కు కారు తెస్తే లోకమంతా తిరిగి చూసింది. తర్వాత పెద్ద కంపెనీల పోటీలో చితికి, ఇంకో కంపెనీతో కలిసి, లార్క్ అని చిన్న కారు తెచ్చి కొంత ఊపిరి పీల్చుకుంది. మన కమ్మరి కొలిమిలో పుట్టిన కంపెనీ అని మేస్త్రీ అన్నప్పుడల్లా వినేవాళ్ళకు అది గూడూరులోనే పుట్టినట్టు అనిపించేది.

ఈసారి కథకు కొత్త చివర ఉంది. డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూసేశారు. కెనడాలో చిన్న ఫ్యాక్టరీ ఒకటే మిగిలింది. ఆ సంగతి పేపర్లో చదివించుకున్న రోజు మేస్త్రీ షెడ్డు తియ్యలేదని టీ కొట్టు మాలకొండమ్మ మాల్యాద్రి చెవిన వేసింది. పెళ్ళాం పోయిన రోజు కూడా మధ్యాహ్నానికి తెరిచిన మనిషి.

కారులో హ్యాండ్‌బ్రేకు పిడి ఊరికే ఊగుతోంది. కేబులు తెగి ఆరు నెలలు. ఇంకో కారుది అతికించమంటే మేస్త్రీ ఒప్పుకోడు, పరాయి రక్తం ఎక్కించినట్టని ఆయన నమ్మకం. కెనడాలో ఎవరో విడిభాగాల దుకాణదారుడికి పోస్టుమాస్టరు చేత ఉత్తరం రాయించాడు. జవాబు లేదు. అందాకా చదునులో చక్రం కింద ఇటుక, ఎక్కుడులో హిల్ హోల్డరు. అది ఆ కంపెనీ వాళ్ళ వరమని ఆయన అనేవాడు. మిట్ట ఎక్కుతూ ఆగినప్పుడు ఒకసారి బ్రేకు నొక్కి, క్లచ్ తొక్కి పట్టుకుంటే చాలు. బ్రేకు మీద కాలు తీసేసినా బండి వెనక్కి జారదు. క్లచ్ మీద కాలు ఎత్తిన క్షణం జారుతుంది.

"ఎడం కాలి మీదే రా మొత్తం బరువు," అని మాల్యాద్రికి నేర్పింది ఆయనే.

పదమూడో తారీకు ఉదయం పులికాట్ గట్టు మీద ఒకామె గొడుగు వేసుకుని పక్షులను చూస్తోంది. నల్ల కళ్ళద్దాలు, నీలం షిఫాన్ చీర, ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగని ఎత్తు మడమల చెప్పులు. లిండ్ సెక్రటరీ కరుణాకుమారి. రెండేళ్ళుగా లిండ్ జీతం తింటూ మన చీఫ్‌కు కబుర్లు పంపుతున్న డబుల్ ఏజెంట్.

"ఈ ఏడు పక్షులు ఆలస్యంగా వచ్చాయే," అన్నాడు, మళ్ళీ మీసం అతికించుకుని లిండ్ క్యాంపులో ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టరుగా తిరిగొచ్చిన మాల్యాద్రి.

"వచ్చినవాటిని చూడండి. పోయేవాటిని నేను చూసుకుంటాను."

కోడ్ సరిపోయింది. ఆమె నీళ్ళ వైపే చూస్తూ చెప్పుకుపోయింది. ఫిల్మ్ మొన్నటిదాకా స్టూడిబేకర్ ముక్కులో, ఆ గుండ్రటి మొన వెనక దాచాడు. నిన్న దాన్ని తీసి, గడ్డి కూరి నిలబెట్టిన చచ్చిన కొంగ పొట్టలో కుట్టించాడు. ఆ కొంగ పెట్టె ఇప్పుడు లిండ్ మంచం కింద ఉంది, పక్కన పిస్టల్ ఉంది. లాంచి దాకా ఆగక తప్పదు.

"ఇంకోటి. ముసలాయనకు తెలుసు. ముక్కు విప్పి ఫిల్మ్ డబ్బా తీసి చూశాడు. చూసి, మళ్ళీ అక్కడే పెట్టి బిగించాడు. నేను కిటికీలోంచి చూశాను."

మాల్యాద్రి ఆ మాట నమ్మకూడదనుకున్నాడు. కానీ కరుణాకుమారి అబద్ధాలాడేది లిండ్‌తోనే.

పద్నాలుగో తారీకు పొద్దున్నే షెడ్డులో గురువును నిలదీశాడు. మేస్త్రీ బుకాయించలేదు. ఆరబోయే దీపంలాంటి గొంతుతో ఒప్పుకున్నాడు. అది పక్షుల ఫిల్మ్ కాదని, ఏదో దొంగ వ్యవహారమని తెలుసు. మూసేసిన ఫ్యాక్టరీ గోడౌను నుంచి ఒక పెట్టె నిండా సామాన్లు తెప్పిస్తానన్నాడు లిండ్. రింగులు, బేరింగులు, గాస్కెట్లు, కేబులు.

"నీకేం గావాలని ఆయన అడిగినాడురా. నన్ను ఎవురూ అట్టా అడగలా. నువ్వు గూడా పదేళ్ళు ఈ పక్కకు రాలా."

ఆ మాట సూటిగా తగిలింది. తగిలింది కాబట్టే మాల్యాద్రి నోరు జారాడు.

"నీ దగ్గర పని నేర్చుకున్నానని ఎవరికీ చెప్పుకోలేకుండా చేసినావు మేస్త్రీ."

హజరత్తయ్య తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. తర్వాత, నా పేరు రాస్తావా అని అడిగాడు. రాయాలన్నాడు మాల్యాద్రి. ఏమీ ఎరగనట్టు మామూలుగా కారు తోలుకుపొమ్మని, నాలుగింటికి రేవులో పోలీసులుంటారని చెప్పి బయటపడ్డాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగింటికి రావలసిన లాంచి రెండింటికే వచ్చింది. పోటు ముందే ఎక్కింది, లిండ్ ఆగలేదు. గూడూరు నుంచి పోలీసు జీపు ఇంకా దారిలోనే ఉంది. కృష్ణపట్నం రేవులో ఉప్పు కుప్పల చాటున మాల్యాద్రి ఒక్కడే, చేతిలో రివాల్వరు.

ఎండ మండుతోంది. రేవు గట్టు నుంచి నీళ్ళలోకి రాళ్ళు పరిచిన వాలు దిగుతుంది. కొంగ పెట్టెతో సహా తన పెట్టెలు దించడానికి వీలుగా స్టూడిబేకరును వెనక్కి నడిపించి వాలు మధ్యలో ఆపించాడు లిండ్. కారు ముక్కు గట్టు వైపు, డిక్కీ నీళ్ళ వైపు. దాని వెనక సరిగ్గా లాంచి. చక్రాల కింద ఇటుక పెట్టబోతే తొందరలో వద్దన్నాడు. మేస్త్రీ ఎడం కాలు క్లచ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

పెట్టెలన్నీ లాంచిలో చేరాయి. మాల్యాద్రి బయటికి వచ్చాడు. అప్పటికే లిండ్ పిస్టల్ కరుణాకుమారి మెడ మీద ఉంది.

"రివాల్వరు పారెయ్, ఇన్‌స్పెక్టర్. నీ మీసం ఇంట్లో మరిచిపోయావు."

పారేశాడు. లిండ్ ఆమెను అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచాడు. లాంచికి వేసిన పలక మీదికి చేరగానే ఆమెను పక్క నీళ్ళలోకి తోసి లాంచిలోకి దూకాడు. ఇంజన్ అందుకుంది. తాడు తెగింది. రెండు నిమిషాలు గడిస్తే లాంచి సముద్రంలో ఉంటుంది, ఆ కొంగ పొట్టలో ఉన్నది ఎవడి బల్ల మీదో ఉంటుంది. మాల్యాద్రి పరిగెత్తాడు గానీ అందదని తెలుస్తూనే ఉంది.

కారు కిటికీలోంచి హజరత్తయ్య తల బయటికి పెట్టాడు. మొహంలో భయం లేదు. పనికొచ్చే సామాను చేతికి దొరికినప్పటి మొహం అది.

"చూసినావా మాల్యాద్రీ. ఇంతసేపు ఎంత చక్కగా నిలబెట్టిందో."

ఎడం కాలు ఎత్తాడు.

కారు వాలు మీద వెనక్కి జారి, వేగం అందుకుని, లాంచిని నడుములో గుద్దింది. చెక్కలు విరిగాయి. లాంచి బోర్లా పడింది. దాని మీదుగా స్టూడిబేకర్ లోతు కాలవలోకి దిగిపోయింది. చివరిగా కనబడింది ఆ ముక్కే.

పక్కనే చేపల పడవల్లో ఉన్న ఓబయ్య అనే జాలరి, అతని వాళ్ళు వల విసిరి లిండ్‌ను లాగి గట్టున పడేశారు. అతను ఏదో దేశపు రాయబారి పేరు చెప్పబోయాడు. ఓబయ్యకు ఆ దేశం తెలియదు, కాబట్టి వల విప్పలేదు. కొంగ మాత్రం తనంతట తనే తేలింది. గడ్డి కూరిన కొంగ గదా. దాని పొట్టలో ఫిల్మ్ డబ్బా చెక్కు చెదరలేదు.

మాల్యాద్రి మూడుసార్లు మునిగాడు. మూడోసారికి కారు దొరికింది. కిటికీ అద్దం పూర్తిగా దించే ఉంది. సన్నటి మనిషి, రావాలనుకుంటే వచ్చేవాడే. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. ఆ చేతులు విప్పడానికి మాల్యాద్రికి చాలాసేపు పట్టింది. ఒడ్డుకు తెచ్చి పడుకోబెట్టి, ఏడ్చాడు. గూఢచారులు ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు.

"నీ దగ్గరే నేర్చుకున్నా మేస్త్రీ. అందరికీ చెప్తా," అన్నాడు. వినవలసిన మనిషి వినలేదు.

రిపోర్టు గూడూరు పోలీసు స్టేషన్లో రాయడానికి కూర్చున్నాడు. హజరత్తయ్య పేరు దగ్గర కలం ఆగిపోయింది. తెలిసీ ఊరుకున్నాడని రాయాలి. రాయకపోతే ఉద్యోగానికి ద్రోహం, రాస్తే ఆయనకు. తడి చీరలోనే ఉన్న కరుణాకుమారి కళ్ళద్దాలు తీసింది. ఆమె కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"ముసలాయన ఫిల్మ్ చూసి నాతో చెప్పాడని, ఎవరికీ తెలియనివ్వద్దని నేనే అన్నానని రాయండి. నా పేరు మీద ఇన్ని అబద్ధాలున్నాయి. ఇంకొకటి పడితే బరువేం కాదు."

మాల్యాద్రి రాశాడు. చీఫ్ చదివి, ఆ పేజీ రెండోసారి తిప్పి చూసి, సంతకం పెట్టాడు. చిల్లకూరులో హజరత్తయ్య దహనానికి ఇద్దరు పోలీసులు సెల్యూట్ చేశారు. ఎందుకో మాలకొండమ్మకు ఇప్పటికీ తెలియదు.

1966 మార్చిలో కెనడా ఫ్యాక్టరీ కూడా మూతపడింది. అదే నెలలో చిల్లకూరు పోస్టుకు ఓడ మీద ఒక పార్సెలు వచ్చింది. హజరత్తయ్య ఎప్పుడో రాయించిన ఉత్తరానికి జవాబు అది. పోస్టుమాస్టరు మద్రాసుకు కబురు పెడితే మాల్యాద్రి వచ్చి తీసుకున్నాడు. షెడ్డు ముందు కూర్చుని విప్పాడు. నూనె కాగితంలో చుట్టిన కొత్త హ్యాండ్‌బ్రేకు కేబులు. రెండేళ్ళు ఓపిక పట్టి ఉంటే చాలు, లిండ్‌తో పనే ఉండేది కాదు.

దాంతోపాటు ఒక అచ్చు చీటీ. మాల్యాద్రి పైకే చదివాడు, ఎవరూ వినకపోయినా. అమర్చే ముందు బండిని చదును నేల మీద నిలపవలెను.