కెల్లర్ గోడ వెనక

ఆ పొద్దున ఇంట్లో నలుగురు ఆడవాళ్ళున్నారు. కింది వాటాలో ఇంటి యజమానురాలు ఫ్రావ్ ఊలిగ్, రేడియో పెట్టుకుని అల్లిక పనిలో మునిగి ఉంది. పై వాటాలో వృద్ధాశ్రమంలో నర్సుగా రాత్రి డ్యూటీ చేసొచ్చి ముసుగు తన్ని పడుకున్న అమ్మ సహానా. వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచి, కెమెరా ఆపేసి, టీచరు తన పేరు పిలవకుండా చూడమని ప్రభువును వేడుకుంటున్న పదిహేనేళ్ళ ఎస్తేరు. అందరికంటే కింద, సగం నేలలోకి దిగి ఉండే కెల్లర్‌లో, వాషింగ్ మెషీన్ పక్కన స్టూలు వేసుకుని బాపమ్మ ఏసుకుమారి.

నాన్న పౌలురాజు ఇంట్లో లేడు. ఆఫీసుకు పోయాడని బాపమ్మ నమ్మకం.

కిటికీలోంచి చూస్తే ఎదురుగా కొండ. ఆ చలికాలం జర్మనీ అంతా లాక్‌డౌన్‌లో ఉంది. స్కీ ఆడేవాళ్ళు వస్తే తప్ప జిల్బర్‌గ్రుండ్ ఊళ్ళో పొయ్యి వెలగదు. మంచేమో ఎన్నడూ లేనంత బాగా పడింది, జారడానికి మనిషి లేడు. లిఫ్టు తీగకు వేలాడే కుర్చీలు ఎవరో ఇప్పుడే దిగిపోయినట్టు ఖాళీగా ఊగుతున్నాయి. కిటికీల్లో మాత్రం విల్లులా వంగిన చెక్క మీద కొవ్వొత్తి దీపాలు పగలు కూడా వెలుగుతూనే ఉన్నాయి. చీకట్లో గనిలోకి దిగి చీకట్లోనే బయటికొచ్చే వాళ్ళకు ఇల్లు ఆనవాలు తెలియాలని ఒకప్పుడు పెట్టేవారట. గని మూతపడి ముప్పై ఏళ్ళయినా మానలేదు.

ఇవన్నీ ఎస్తేరు స్కూలు కోసం తెలుసుకున్న సంగతులు. మన ఊరి చరిత్ర చెప్పమని టీచరు పని ఇచ్చింది. జర్మన్‌లో చెప్పాలంటే గొంతు పెగలక, ముందు తెలుగులో బాపమ్మకు చెప్పి చూసుకుంది. కొన్ని వందల ఏళ్ళు వెండి తవ్వారు, అది అయిపోయాక తగరం తవ్వారు. చివరికి అదీ అయిపోతే, తవ్వి పోసిన రాళ్ళగుట్టనే చదును చేసి స్కీ వాలుగా మార్చారు. గనివాళ్ళు బస చేసిన ఇల్లు హోటలైంది. వాళ్ళ మనవలు స్కీ నేర్పే మాస్టర్లయ్యారు.

అంతా విని బాపమ్మ ఒక్కటే మాట అంది. "అంటే మనుషులు కింద చచ్చిన్రు, మనుషులు పైన జారుతున్రు."

బాపమ్మకు గని అంటే బాయే. గోదావరిఖనిలో ఆమె భర్త బొగ్గు బాయిలో సర్దారు. షిఫ్టు వాళ్ళు లోపలికి వెళ్ళే ముందు ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి, చెవి ఒగ్గి వినడం అతని పని. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల బీటలిస్తే పాత డప్పులా బొదబొదమంటుంది. ఒకరోజు మొదటి షిఫ్టులో కప్పు కూలి అతను ప్రాణంతో తిరిగి రాలేదు. పెద్దయ్యాక కొడుక్కి ఆ ఉద్యోగమే ఇస్తామని కంపెనీ వాళ్ళు ఇంటికొస్తే, బాపమ్మ వాళ్ళను గుమ్మంలోంచే పంపేసింది. పౌలురాజు చేత బైబిలు మీద చెయ్యి పెట్టించి, ఏనాడూ నేల కిందికి దిగనని ఒట్టు వేయించుకుంది. ఇళ్ళకు బట్టలు ఇస్త్రీ చేసి చదివించింది.

ఎస్తేరును ఏడో తరగతి దాకా పెంచింది కూడా బాపమ్మే. మనవరాలిని చూద్దామని మూడు నెలల వీసా మీద వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే ఉండిపోయింది.

ఈ వారం నుంచి ఆమె కెల్లర్ వదలడం లేదు. ఉతకని బట్ట లేదు, మెషీన్ తిరగని పూట లేదు. అది ఆగిందంటే చాలు, గోడకు చెవి ఆనిస్తోంది.

క్లాసు అయిపోయేసరికి అమ్మ లేచి వచ్చింది. "అత్తయ్య ఏరే?"

"కెల్లర్ల ఉన్నది."

"మళ్ళీనా? ఇంత చలిలో!" అమ్మ శాలువా కప్పుకుని గబగబా మెట్లు దిగింది. ఎస్తేరు వెనకే వెళ్ళింది.

గోడ వారగా నేల మీద పళ్ళెం. అందులో అన్నం, పప్పు, పక్కన పచ్చిమిరపకాయ. ఆవిరి ఇంకా పోతోంది.

"ఇదెవరికి అత్తయ్యా?"

"మీ మామకు." బాపమ్మ ఏ తడబాటూ లేకుండా చెప్పింది. "ఆయనకు మిరపకాయ లేకుంటే ముద్ద దిగది."

అమ్మ ముఖం పాలిపోయింది. "అత్తయ్యా, మామయ్యగారు దేవుడి దగ్గరున్నారు. దేవుడి దగ్గరున్నవాళ్ళు గోడలు తట్టరు."

"నాకు గుర్తుండదా సహానా? మూడు దెబ్బలు కొడ్తడు, ఆగుతడు, ఇంటడు, మళ్ళొకటి కొడ్తడు. ఇంట్ల మంచం మీద పండుకొని దూలాన్ని కూడా గట్లనే కొట్టేటోడు. నవ్వుకునేదాన్ని." బాపమ్మ గోడను అరచేత్తో నిమిరింది. "పొద్దున నేనే మాట్లాడిన. నీ కొడుకు బాయిల దిగలేదయ్యా, కంప్యూటర్ల చేస్తున్నడు, నిమ్మళంగ ఉండు అని చెప్పిన."

అప్పుడే వినిపించింది. టక్, టక్, టక్. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకొకటి, టక్.

ఎస్తేరు చప్పున అమ్మ వైపు చూసింది. అమ్మ కళ్ళు కూడా గోడ వైపే తిరిగి ఉన్నాయి.

"విన్నవా?" అంది బాపమ్మ. ఆమె ముఖం చిన్నపిల్లలా వెలిగింది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకేం వినపడలేదండీ."

"నీకు?" బాపమ్మ ఎస్తేరును అడిగింది. అమ్మ వెనక నుంచి వద్దన్నట్టు చూసింది. ఎస్తేరు నేల చూపులు చూసింది.

"మా హోంలో పెద్దవాళ్ళకు ఇలా అవుతూనే ఉంటుంది, భయం లేదు," అంది అమ్మ, రోగులతో మాట్లాడే మెత్తని గొంతుతో. "రేపే డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకుంటాను. చిన్న మాత్ర ఇస్తారు. ఆ చప్పుళ్ళు ఆగిపోతాయి."

బాపమ్మ ముఖంలో వెలుగు పోయింది. "నాకు పిచ్చి లేసిందంటవా బిడ్డా?"

"అయ్యో, అలా అనలేదు అత్తయ్యా!"

"మరి నీకెందుకు ఇనపడతలేదు? దీనికెందుకు ఇనపడతలేదు? నా చెవులు నాతో అబద్ధమాడుతున్నయా?" బాపమ్మ ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలున్న రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ఎస్తేరు జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పలేదు. క్రిస్మస్ ముందు కారు డిక్కీలో దీపమున్న హెల్మెట్ చూసినప్పుడు కూడా, "బాపమ్మకు చెప్పకు తల్లీ, తట్టుకోలేదు" అని నాన్న అంటే తలూపింది, అంతే. ఇప్పుడు మాట దానంతటదే బయటికొచ్చింది.

"నాకు ఇనపడ్డది బాపమ్మా. అమ్మకు కూడా ఇనపడ్డది."

"ఎస్తేరూ!"

"అది తాత కాదు. డాడీ. ఈ గోడ వెనక పాత గని తొవ్వ ఉన్నది. డాడీ అండ్ల పనిచేస్తడు."

గోడ వెనక మళ్ళీ మూడు దెబ్బలు పడ్డాయి. ఈసారి బాపమ్మ గోడ దగ్గరికి వెళ్ళలేదు. వంగి పళ్ళెం తీసుకుని, ఒక్కో మెట్టూ పట్టుకుంటూ పైకి వెళ్ళిపోయింది.

"మాత్ర మింగించి చంపేద్దామనుకున్నానా నేను? ఆమె గుండె ఆగిపోతుందని కాదూ నా భయం!" అమ్మ ఎస్తేరు భుజం పట్టి కుదిపింది. అంతలోనే తానే ఏడ్చేసింది.

మధ్యాహ్నం నాన్న వచ్చేదాకా బాపమ్మ గుమ్మం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నీళ్ళు కూడా ముట్టలేదు. నాన్న ఎప్పట్లాగే తలస్నానం చేసి, మడత నలగని చొక్కాతో నవ్వుతూ వచ్చాడు. మాస్కు తీస్తూ, "ఏందమ్మా, గిట్ల కూసున్నవ్?" అన్నాడు.

బాపమ్మ లేచింది. కొంగు చివర మెలిపెట్టి, చంటిపిల్లవాడికి తుడిచినట్టు అతని చెవిలోపల తుడిచింది. తెల్ల కొంగుకు ఎర్రమట్టి అంటింది. దాన్ని అతని కళ్ళ ముందు పట్టుకుంది.

"ఇది ఏ కంప్యూటర్ల దొరుకుతదిరా పౌలూ?"

నాన్న నవ్వు ఆగిపోయింది. ముందు అమ్మను చూశాడు, తర్వాత ఎస్తేరును. ఆ చూపుకు ఎస్తేరు గోడకు అంటుకుపోయింది.

"దాన్నేం చూస్తవ్? నన్ను చూడు. బైబిలు మీద చెయ్యి పెట్టినవ్."

"పెట్టిన."

"వాళ్ళు కొలువిస్తమంటే గుమ్మంలకెల్లి వెళ్ళగొట్టిన. ఎందుకు? ఎవరి కోసం?"

"అమ్మా, ఇక్కడ తవ్వుడు లేదు." నాన్న ఆమె చేతిలోని కొంగు పట్టుకున్నాడు. "పూడుస్తున్నం. ఎప్పటివో బొక్కలు, ఊరి కింద అంతా ఒట్టిదే. ఏడాది కింద స్కీ వాలు మీద నేల కుంగింది. పిల్లలు జారే జాగ అది. కప్పు చూసుకుంట పోయి, కాంక్రీటు పోసి మూసుకుంట వస్తున్నం. నాన్నను మింగినసుంటి వాటిని మూస్తున్ననమ్మా నేను."

"చెప్తే ఏమైతుండె?"

"నీకు నిద్ర పట్టకపోతుండె."

"ఇప్పుడు పట్టిందా? వారం సంది నా మొగుడు లోపట్నే ఉండి పిలుస్తున్నడని, ఇన్నేండ్లు ఎవ్వరం ఇనలేదని ఆ గోడ కాడ ఏడ్చిన. నీ భార్య మాత్రలన్నది. నాకు నిజంగనే పిచ్చి లేసిందనుకున్న." బాపమ్మ గుండె మీద కొట్టుకుంది. "నీ కొడుకు బాయిల దిగలేదని ఆయనకు మాటిచ్చిన గద! ఇప్పుడేం చెప్పాల్రా ఆయనకు?"

నాన్న నేల మీద కూలబడ్డాడు. తల బాపమ్మ మోకాళ్ళకు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాన్న ఏడవడం ఎస్తేరు చూడటం అదే మొదటిసారి. అమ్మ వచ్చి, "తప్పు నాది కూడా అత్తయ్యా, నాకూ వినపడింది," అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. బాపమ్మ ఆ చెయ్యి విదిలించలేదు.

చాలాసేపటికి బాపమ్మ కొడుకు తడి జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది.

"కప్పు తట్టేది నువ్వేనా, మనుషులను పెట్టినవా?"

"నేనే."

"ఎవరు నేర్పిన్రు?"

"నాన్నే. మంచం మీద పండుకొని, దూలం మీద."

బాపమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె పెదాలు కదిలాయి. ప్రార్థిస్తోందో, పేరు పెట్టి పిలుస్తోందో ఎస్తేరుకు తెలియలేదు.

"లే. రేపటి సంది ఎటు పోతున్నవో నాకు చెప్పి పో. ఆగుమంటే ఆగవు, నాకు తెలుసు. చెప్పి పో, అంతే." ఆమె కొడుకు చెయ్యి పట్టి లేపి తన గదిలోకి తీసుకుపోయింది. "రా, కూసో. మీ నాయనను పెట్టెల మూసి తెచ్చిన్రు. నీకు చూపియ్యలేదు, నేను చూసిన. ఇన్నేండ్లు నేను కూడా చెప్పలే."

ఎస్తేరు టీ కప్పు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. తనదే తప్పని, తన నోటి వల్లే ఇంత జరిగిందని చెప్పాలనుకుంది. బాపమ్మ కప్పు అందుకుని, మట్టి అంటిన కొంగుతోనే మనవరాలి కళ్ళు తుడిచింది.

"నువ్వు చెప్పేది చెప్పినవ్ బిడ్డా. నా చెవులు నాకు తిరిగిచ్చినవ్. ఇగ ఇది నువ్వు ఇనేది కాదు," అని ఎస్తేరు మొహం మీదే తలుపు మెల్లగా మూసేసింది.