మూడో తొట్టిలో ఆరు చావులు

డాక్టరమ్మ ఐసుపెట్టెను బల్ల మీద పెట్టి, మూత మీంచి చెయ్యి తియ్యలేదు.

“ఇందులో ఆరు శవాలున్నాయి,” అంది.

గుమాస్తా చేతిలోని టీ ఒలికి ఫైలు మీద పడింది. టీచరమ్మ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది.

“ఎవరివి?”

“రొయ్యలవి.”

గుమాస్తాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఆవిడ ముఖం చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డాడు. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఉండే ముఖం అది. అలాంటి ముఖాన్ని ఆయన ఒకప్పుడు తన అద్దంలోనే చూసుకున్నాడు.

టీచరమ్మ ఒకప్పుడు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేది. ఆ పని వదిలి ప్రైవేటు డిటెక్టివ్‌గా స్థిరపడి పన్నెండేళ్ళయినా పిలుపు మాత్రం మారలేదు. ఆమె పక్కన కూర్చుని నోట్సు రాయడం గుమాస్తా పని. ఆమె ఒక వస్తువును చూసే తీరు చూస్తూ రాయడం మరిచిపోవడం ఆయన బలహీనత.

“మొదటినుంచీ చెప్పండి,” అంది టీచరమ్మ.

వచ్చినావిడ రొయ్యల జబ్బుల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. ఏడేళ్ళుగా ఆవిడది ఒకటే పని. తెల్లమచ్చ వైరస్ సోకినా బతికి బయటపడ్డ రొయ్యల్ని ఏరడం, వాటి పిల్లల్ని పెంచడం, వాటిలోనూ గట్టివాటిని మళ్ళీ ఏరడం. అలా ఐదో తరం దాకా వచ్చింది. ఆ తరానివి మొత్తం ఇరవై తల్లి రొయ్యలు. అన్నీ మూడో తొట్టిలోనే ఉంటాయి.

“వీటిని ఆ వైరస్ ఏమీ చెయ్యలేదని రాసిచ్చాను మేడమ్. నిన్నా మొన్నా కలిపి ఆరు పోయాయి. పెంకు మీద తెల్లమచ్చలు. బ్యాక్టీరియా అయితే బాగుండునని దేవుడికి మొక్కుకున్నా. అది కూడా ఒక్కోసారి ఇలాంటి మచ్చలే వేస్తుంది. నీళ్ళు బాగుచేస్తే చాలావరకు దారికొస్తుంది. కానీ పరీక్షలో వైరస్ అనే తేలింది. దానికి మందు లేదు.”

“మిగతా పద్నాలుగు?”

“బతికే ఉన్నాయి. అయినా జబ్బు కనిపిస్తే షెడ్డులో ఏదీ మిగలకూడదని నియమం. సాయంత్రం ఐదింటికి అన్ని తొట్లలో బ్లీచింగు పొయ్యమన్నారు డైరెక్టరుగారు. నా పనే తప్పో, ఎవరైనా వైరస్ తెచ్చి పోశారో, ఈలోపు తెలియాలి. తప్పు నాదైతే ఆ బ్లీచింగు నేనే పోస్తాను.”

టీచరమ్మ చేతికి తొడుగులు వేసుకుని పెట్టె తెరిచింది. ఒక్కో రొయ్యనూ భూతద్దం కింద పెట్టి, పొట్ట కింది కాళ్ళ మధ్య తడి దూదితో తుడిచింది. దూదికి లేతపచ్చ మరక అంటింది. ప్రతి రొయ్య కంటి కాడకూ అంకె వేసిన ప్లాస్టిక్ రింగు ఉంది. వాటి దగ్గర భూతద్దం చాలాసేపు ఆగింది. ఒక రింగును పట్టుకుని సన్నటి వెంట్రుక లాంటిదేదో గుమాస్తాకు కూడా కనిపించింది.

“ఈ రింగు తీసి మళ్ళీ పెట్టొచ్చా?”

“కుదరదండీ. ఒకసారి బిగిస్తే కత్తిరించాల్సిందే. కొత్తవి నా సొరుగులో ఉంటాయి. తాళం నా దగ్గరే.”

“షెడ్డు తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి?”

“నా దగ్గర, మా విద్యార్థి దగ్గర, తొట్లు కాసే బాబాయ్ దగ్గర. పోయిన వారం నేను సదస్సుకని మూడు రోజులు ఊళ్ళో లేను. అందులో ఆదివారం సెలవు, వాళ్ళిద్దరు తప్ప షెడ్డుకి ఎవరూ రారు.”

*

షెడ్డుకు కిటికీలు లేవు. ఇసుక జల్లెడలోంచి, క్రిముల్ని చంపే దీపపు గొట్టంలోంచి వచ్చిన నీళ్ళు ఐదు తెల్లటి తొట్లలోకి సన్నగా పడుతున్నాయి. తొట్ల గోడలు అన్నం తినే పళ్ళెంలా శుభ్రంగా ఉన్నాయి. గుమ్మం దగ్గర బ్లీచింగు బస్తాలు అప్పుడే దించి పెట్టారు.

వాటి పక్కనే ముక్కాలిపీట మీద ఒక పెద్దాయన చేతివల బాగుచేసుకుంటున్నాడు. తొట్లు కాసేది ఆయనే. అక్కడ అందరికీ బాబాయ్.

“ఇవాళ కూడా వల బాగుచెయ్యాలా బాబాయ్?” అన్నాడు లోపల గాజుపలకలు సర్దుతున్న విద్యార్థి. “ఐదింటి తర్వాత నువ్వు పట్టేది ఏముందని?”

“చేతులు ఊరుకోవు నాయనా.”

టీచరమ్మ ఆయన పక్కన వంగింది. “ముడి భలే ఉందే! ఎవరు నేర్పారు?”

“మా నాయనమ్మా. అందరూ ఒక చుట్టు చుట్టి వదిలేస్తారు. మేం రెండు చుట్లు చుట్టి, కొసను కిందనుంచి లాగుతాం. తడిసినా జారదు.” చెప్తున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు.

విద్యార్థి మాత్రం తల ఎగరేసి నిలబడ్డాడు. “నన్నే అనుమానిస్తున్నారు కదా? డైరెక్టరుగారైతే ముఖం మీదే అన్నారు.”

“ఎందుకు?”

“మేడమ్‌తో గొడవపడ్డానని. నిజమే, పడ్డాను. మనుషులకి ఇవ్వని సెలవు రొయ్యలకిస్తారు ఆవిడ.”

“ఆవిడ ఊరెళ్ళినప్పుడు, ఆదివారం ఎక్కడున్నావు?”

అతని గొంతు తగ్గింది. “ఇంటర్వ్యూకి వెళ్ళా. వేరే చోటికి. మేడమ్‌కి తెలీదు. బాబాయ్ కూడా మధ్యాహ్నం లేడు, పాపం. వాళ్ళావిడకి కంటి ఆపరేషన్.”

“సరే. ఒక మాట చెప్పు. చచ్చినవాటిని మిగతావి ముట్టుకున్నాయా?”

“ముట్టుకోవడమేంటండీ! రెండింటిని సగం తినేశాయి. మామూలు రొయ్యలైతే ఈపాటికి మంచం పట్టాలి. ఇవి మేత కోసం కొట్టుకుంటున్నాయి. పరీక్ష చేద్దామంటే డైరెక్టరుగారు వద్దన్నారు, నియమం నియమమేనట.”

“నాలుగింటికల్లా చెయ్యగలవా?”

అతను గోడ గడియారం చూసి, చొక్కా చేతులు మడిచాడు.

*

నాలుగున్నరకు అందరూ షెడ్డులోనే చేరారు. డైరెక్టరుగారు గడియారం వైపూ బస్తాల వైపూ మార్చి మార్చి చూస్తున్నారు.

“అరగంటలో ముగించండి.”

“చాలండి,” అంది టీచరమ్మ. “ముందు ఒక సంగతి. ఆదివారం ఈ అబ్బాయి ఎక్కడున్నాడో నాకు తెలుసు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక అతన్ని వదిలెయ్యండి.”

ఇంటర్వ్యూ మాట ఆమె ఎత్తలేదు. ఆ ఒక్క వాక్యంతో అతని భుజాలు కిందికి దిగడం గుమాస్తా గమనించాడు.

టీచరమ్మ పచ్చ మరక అంటిన దూది చూపించింది. “ఇది నాచు. చచ్చిన ఆరింటి కాళ్ళ మధ్యా ఉంది. నాచు పెరగాలంటే ఎండ కావాలి. ఈ షెడ్డులోకి ఎండ పొడ రాదు, తొట్ల గోడలకు నాచు చారైనా లేదు. అంటే ఆ ఆరూ ఇక్కడ పుట్టి పెరిగినవి కావు. బయటి చెరువులోంచి వచ్చాయి.”

“కానీ వాటికి నా రింగులున్నాయి!” అంది డాక్టరమ్మ.

“మీ రింగులే. పాతవాటి నుంచి కత్తిరించి తీసి, వీటికి పెట్టి, తెగినచోట నైలాను దారంతో కట్టారు. మీరు మచ్చలు చూశారు, ఈ అబ్బాయి పరీక్షకి కాలి ముక్క తీసుకున్నాడు. కళ్ళ దగ్గర ఎవరూ వెతకలేదు. నేను మాత్రం ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. మీ పని చెడగొట్టాలనుకున్నవాడు జబ్బు నీళ్ళు ఒక చెంబెడు పోసి వెళ్ళిపోతాడు. చంపాలనుకున్నవాడు లెక్క సరిపెట్టడు. ఇరవై ఇరవైలాగే కనబడాలని తాపత్రయపడింది, ఆరు తగ్గాయని చెప్పలేని మనిషి.” ఆమె గొంతు తగ్గించింది. “దారానికి రెండు చుట్లున్నాయి. కొస కిందనుంచి లాగి ఉంది. తడిసినా జారలేదు, బాబాయ్.”

పీట మీద పెద్దాయన చేతుల్లోంచి వల జారిపోయింది.

“తొట్టి కడిగి, నీళ్ళలోకి గాలి పంపే పైపు మళ్ళీ తిప్పడం మరిచిపోయానమ్మా,” అన్నాడు డాక్టరమ్మ వైపు చూడకుండా. “మా ఆవిణ్ణి ఆసుపత్రి నుంచి తీసుకురావాలని తొందర. వచ్చేసరికి ఊపిరాడక ఆరు తేలిపోయాయి. మీరు ఊరెళ్తూ షెడ్డు నా చేతిలో పెట్టి, నువ్వుంటే నాకు బెంగలేదు బాబాయ్ అన్నారు. ఆ మాటే చెవిలో గింగురుమంది. మా బావమరిది చెరువుకి పరిగెత్తా. ఒక్కదాని మీదా మచ్చ లేదు. నా కళ్ళతో చూశానమ్మా.”

“వైరస్ లోపల దాక్కుంటుంది బాబాయ్. చోటు మారిన బెదురుకి బయటపడుతుంది.” డాక్టరమ్మ గొంతు గట్టిగానే ఉంది. “నీకు తెలియంది కాదు.”

“తెలుసమ్మా.”

“ఈ అబ్బాయిని అందరూ దొంగలా చూస్తుంటే నోరు మూసుకున్నావు. నా ఏడేళ్ళూ పోతుంటే ఇక్కడ కూర్చుని వల అల్లుకున్నావు.”

ఆయన కిందపడ్డ వలను కాలితో పక్కకు నెట్టేశాడు.

“ఇంకెందుకు ఆలస్యం?” డైరెక్టరుగారు లేచారు. “వైరస్ బయటి నుంచే రానీ, లోపల పుట్టనీ, ఆ తొట్టిలోకైతే వచ్చింది కదా?”

“వచ్చింది,” అంది టీచరమ్మ. “ఆ పద్నాలుగూ తొమ్మిది రోజులు దాంతో ఒకే నీళ్ళలో కాపురం చేశాయి. జబ్బుపడినవాటిని తిన్నాయి. తర్వాత సంగతి ఈ అబ్బాయి చెప్తాడు.”

విద్యార్థి కాగితం పట్టుకుని ముందుకొచ్చాడు. “పద్నాలుగింటికీ రెండేసి సార్లు చేశాను సార్. ఒక్కదాంట్లో కూడా వైరస్ జాడ లేదు.”

డాక్టరమ్మ తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. కింద పద్నాలుగు రొయ్యలు మీసాలు కదుపుతూ, ఎవరి గొడవా పట్టనట్టు తిరుగుతున్నాయి.

“ఇది రుజువు కాదు సార్,” అంది చివరికి. “పద్నాలుగు రొయ్యలతో రుజువనను. కానీ చంపెయ్యడానికి కారణం కూడా కాదు. షెడ్డుకి సీలు వెయ్యండి. చుక్క నీరు బయటికి పోనివ్వను.”

డైరెక్టరుగారు చాలాసేపు కాగితం చదివారు. అందులో ఉన్నవి నాలుగే వరుసలు. “నెల రోజులు,” అన్నారు. “బస్తాలు గోదాముకి పంపించండి. ఇతని దగ్గర తాళం తీసుకోండి.”

బాబాయ్ తానే లేచి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ వద్దనలేదు. తీసుకుని సొరుగులో వేసింది. ఆయన గుమ్మం వైపు తిరిగాడు.

“ఎక్కడికి? కూర్చో బాబాయ్.” ఆవిడ కొత్త పుస్తకం తెరిచి మొదటి పేజీ మీద గీత గీసింది. “నేను చెయ్యని ప్రయోగం నువ్వు చేశావు. అది ఎలా జరిగిందో నీకు తప్ప ఎవరికీ తెలీదు. నిజం చెప్పాలి. ఒక్క గంట తేడా కూడా రాకూడదు. ఆరూ ఒకేసారి వేశావా?”

“ఒకేసారమ్మా.”

“ఎన్నింటికి?”

పెద్దాయన పైపంచె కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. గుమాస్తా చూస్తూనే ఉన్నాడు. ఆయన ముఖం తుడుచుకోవడం పూర్తయ్యేదాకా ఆవిడ కాగితం మీంచి తలెత్తలేదు.