రాతి నాయకులు, వెండి గిన్నె

రత్నకోట రాజ్యంలో రెండే కాలిబంతి జట్లు ఉండేవి. కొండవాడది గరుడ జట్టు, ఏటివాడది మకర జట్టు. ఏటా వసంతంలో రెండూ వెండి గిన్నె కోసం తలపడేవి. అడవిలోని రాకాసి ఒకతి వేసిన మంత్రం వల్ల, ఓడిన జట్టు నాయకుడు పాదాల నుంచి మొదలై నిలువునా రాయైపోయేవాడు. మరుసటి ఏడు ఆ రాతినే గోలు స్తంభంగా పాతేవారు. బంతి తగిలి రాతి ముక్కు చెక్కు లేస్తే జనం ఈలలు వేసేవారు. దుర్జయ మహారాజు అందరికన్నా గట్టిగా నవ్వేవాడు.

మకర నాయకుడు ముత్యాలు రాయైపోయాక అతని చెల్లెలు గవరికి ముద్ద దిగలేదు. అన్నను ఎలాగైనా మనిషిని చేసుకోవాలని, ఆ మంత్రం వేసిన రాకాసిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లింది.

లోయ అంచున ఒక ఎలుగుబంటి అడ్డం నిలిచింది.

“ఈ వెలగకాయను తన్నుకుంటూ నన్ను దాటు పిల్లా. కాయ నాకు దొరికితే నువ్వూ దొరికినట్టే.”

గవరి దాటింది. కానీ ఎలుగు గోళ్లు ఆమె పిక్కను చీరేశాయి.

“నొప్పా? మీ అన్నకు అదీ లేదు, పో!” అని అది వెక్కిరించింది.

ఆ తర్వాత పుట్టలో పీకల దాకా కూరుకుపోయిన ముని కనిపించాడు.

“దాహం తాతా!”

“ఉన్నా ఇవ్వను. ఆ నిప్పుల ఇసుక అవతలే రాకాసి గుహ. చెప్పులు విప్పి నడిస్తేనే దారి కనిపిస్తుంది.”

బొబ్బలెక్కిన పాదాలతో గవరి గుహ చేరేసరికి రాకాసి పుర్రెతో బంతాట ఆడుకుంటోంది.

“నన్ను తిట్టడానికొచ్చావటే? ఆట చప్పగా ఉంది, ప్రాణాల మీదికి తెమ్మని అడిగింది మీ రాజే!”

“మంత్రం విరిగేదెలా అవ్వా?”

“గెలిచినవాళ్లు ఆ వెండి గిన్నెతో నీళ్లివ్వాలి, ఓడినవాడు తాగాలి. తాగకపోతే ఇచ్చినవాళ్లూ రాయే. కానీ మీ ఏటివాడ చేతినీళ్లు కొండవాడవాళ్లు చచ్చినా ముట్టరుగా!” అంటూ రాకాసి పొట్ట పట్టుకుని నవ్వింది.

అది నిజమే. కొండవాడలో పసిపిల్లలకు మొదట నేర్పేదే ఆ పట్టింపు.

గవరి తిరిగొచ్చేనాటికి ఆ ఏటి ఆట రోజు వచ్చేసింది, మకర జట్టుకు మాత్రం నాయకుడు లేడు. భయంతో ఎవరూ ముందుకు రాలేదు. ఆమే వచ్చింది.

ఆట మొదలవగానే గరుడ నాయకుడు భైరవుడు గురిచూసి బంతిని, గోలు స్తంభంగా పాతిన ముత్యాలు మొహానికి కొట్టాడు. రాతి చెవి విరిగి పడింది.

“మీ అన్న భలే ఆపాడే!” అన్నాడు. జనం విరగబడి నవ్వారు.

గవరి పళ్లు బిగించింది. పిక్క నుంచి నెత్తురు కారుతుండగానే ఆఖరి గోలు కొట్టింది. మకర జట్టు గెలిచింది. భైరవుడి పాదాలు బిగుసుకుపోసాగాయి. గవరి గిన్నెడు నీళ్లు తెచ్చి అతనికి అందించింది.

“తాగొద్దురా!” కొండవాడంతా అరిచింది. అందరికన్నా గట్టిగా అరిచింది భైరవుడి తల్లే. “రాయైపో, పరువు దక్కుతుంది!”

అతని నడుము దాకా రాయెక్కింది. గవరి కాలివేళ్లూ చల్లబడ్డాయి.

“తాగు భైరవా.”

“నా మీద జాలా?”

“జాలెందుకు? మా అన్న చెవి విరగ్గొట్టావు. వచ్చే ఏడు కూడా నిన్ను ఓడించాలి. రాయిని ఓడిస్తే ఏం మజా?”

భైరవుడు తల్లి వైపు చూశాడు. ఆవిడ ఇంకా అరుస్తూనే ఉంది.

“వచ్చే ఏడు నేనే గెలుస్తా, చూసుకో!” అంటూ గిన్నె లాక్కుని గటగటా తాగేశాడు.

గిన్నె రెండుగా పగిలింది. రాళ్లు కదిలాయి. ముత్యాలు కూలబడి, లేని చెవిని తడుముకుంటూ చెల్లెల్ని పట్టుకుని ఏడ్చాడు. తలలు విరిగిపోయిన పాత నాయకులు మాత్రం లేవలేదు.

రాకాసిని ఈ మంత్రం అడిగింది రాజేనని గవరి అందరికీ చెప్పింది. జనం రాజు వైపు తిరిగారు.

“నేను ఆడలేదు కదమ్మా! చూశానంతే!” అన్నాడు దుర్జయుడు గవరితో, వెనక్కి జరుగుతూ.

“అదే లోటు మహారాజా. రండి, గోలు కాయండి. కిరీటం అడ్డమొస్తుంది, ఇలా ఇవ్వండి” అంది గవరి.

ఆ కిరీటాన్ని రెండు వాడలవాళ్లూ కలిసి గవరి తలపై పెట్టారు. లేచిన నాయకులంతా బంతులు పట్టుకుని వరుసకట్టారు. సాయంత్రం దాకా దుర్జయుడు ఒక్క గోలూ ఆపలేకపోయాడు.